టాప్ దించినా పాట వినిపించాలి

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా మియాటా తొలిసారి జనం ముందుకొచ్చింది. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాప్. ఆ తరం కార్లలో కొన్నింటికి హెడ్‌రెస్టుల్లోనే చిన్న స్పీకర్లు అమర్చారు. గాలి హోరులో పాట వినిపించాలంటే చెవి పక్కకే తేవాలి మరి!

ఇలాంటి కారుకు కంపెనీ స్టీరియోను కదపకుండా డోర్ స్పీకర్లు మాత్రం మార్చే మంచి కార్ ఆడియో మెకానిక్ పనితనం చూసి తీరాలి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లను అతను పట్టించుకోడు. వెనక చిన్నక్షరాల్లో ఉన్న సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె వెతుకుతాడు. మామూలు కంపెనీ స్టీరియో ఒక్కో స్పీకరుకు నిలకడగా ఇచ్చేది సాధారణంగా 20 వాట్లకు లోపే. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ పెరిగితే పవర్ రెట్టింపు చేసినట్టే.

తర్వాత మల్టీమీటరు తీస్తాడు. ఊడదీసిన పాత స్పీకరు టెర్మినల్స్‌కు రెండు ప్రోబ్‌లూ ఆనిస్తాడు. 4 ఓమ్స్ స్పీకరైతే మీటరు మూడూ చిల్లర చూపిస్తుంది. అంతకంటే బాగా తక్కువ చూపిస్తే ఆగి ఆలోచిస్తాడు. 2 ఓమ్స్ ఉన్నచోట 4 ఓమ్స్ బిగిస్తే స్టీరియో ఇచ్చే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చెయ్యక ఎంతో ఖరీదైన స్పీకర్లు కూడా నీరసంగా మోగుతుంటాయి.

ఎండావానా తగిలే కారు కదా, పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవే నయం. పాత ఫోమ్ అంచు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది.

చివరగా డోర్ అద్దం పూర్తిగా దించుతాడు. స్పీకరు వెనక మాగ్నెట్ ఆ అద్దానికి తగలదని లోతు కొలిచి చూసుకున్నాకే స్క్రూలు బిగిస్తాడు.