మరక దగ్గర ఆగినవాళ్లు

ఈ వారం నాకు కాస్త ఒళ్లు మండింది. మా ఎదురింటి కుర్రాడు ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాడు. "రాత్రంతా టెలిస్కోపు దగ్గరే ఉంటావా?" అని ముచ్చటపడి అడిగాను. "లేదు బాబాయ్, అది లద్దాఖ్‌లో, హాన్లేలో ఉంది. మేం బెంగళూరు పక్కన హోస్కోటెలో కూర్చుని నడుపుతాం. ముందు దరఖాస్తు రాయాలి, కమిటీ ఒప్పుకుంటే ఒకటి రెండు రాత్రులిస్తారు. ఆ రాత్రి మబ్బు పడితే అంతే" అన్నాడు. దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల అద్దాన్ని ఉపగ్రహం ద్వారా హోస్కోటె నుంచి తిప్పుతారట. ఇదేం ఆకాశం చూడటం! ఒంటికి చలో చెమటో తగలని విద్య విద్యే కాదన్నది నా పాత పాట.

ఖగోళశాస్త్రవేత్త వైను బప్పును చూడండి, అనబోయాను. హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం, తన చదువు నిజాం కాలేజీలో. హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్లిన కొద్ది నెలలకే, 1949లో, తోకచుక్కను కనిపెట్టాడు. బప్పు-బాక్-న్యూకిర్క్ అని దానికి పేరు. తర్వాత జవ్వాది కొండల్లో కావలూరు వేధశాలకు ప్రాణం పోశాడు. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే.

కానీ ఆ తోకచుక్క ఆయనకు ఆకాశంలో కనబడలేదే! తాను తీసిన ఫొటో ప్లేటు మీద కనబడింది. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ కథా అంతే. రేడియో టెలిస్కోపు కట్టడానికి తోటివాళ్లతో కలిసి రెండేళ్లు కాయకష్టం చేసింది. పల్సర్ మాత్రం దొరికింది కాగితం మీద. రోజుకు 96 అడుగుల చొప్పున వచ్చే చార్టులో కాస్తంత గజిబిజి గీతను యంత్రం లోపమని వదిలెయ్యకుండా వెంటపడింది. 1.3 సెకన్లకోసారి కొట్టుకుంటున్న నక్షత్రం బయటపడింది.

చలి ఎవర్నీ పరిశోధకుణ్ని చేయదు. తాను వెతకని మరక దగ్గర ఆగడమే ఆ పని చేస్తుంది. ఆ మరక ప్లేటు మీదున్నా, కాగితం మీదున్నా, హోస్కోటెలో కంప్యూటర్ తెర మీదున్నా ఒకటే. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, పీహెచ్‌డీ ఎప్పుడవుతుందని పండక్కొచ్చినప్పుడల్లా అడక్కండి. ఆగి చూసేవాళ్లకు ఆలస్యమవుతుంది.