చీర తిరగేసి చూసే పద్ధతి

పోచంపల్లి మగ్గాలకు జియోట్యాగింగ్ జరిగాక నేతన్నల వివరాలు కూడా కంప్యూటర్లకెక్కాయి. అలాంటి వివరాలున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఒక డెవలపర్ ఎక్కడో కూర్చుని డీబీవర్ అనే క్లయింటు ప్రోగ్రాంలో తెరవాలనుకుంటే, సెట్టింగుల్లో కనెక్షన్‌ను గుప్తంగా ఉంచేందుకున్న ఎస్ఎస్ఎల్ ట్యాబులో ఆరు మాటలు కనిపిస్తాయి: డిజేబుల్, అలౌ, ప్రిఫర్, రిక్వైర్, వెరిఫై-సీఏ, వెరిఫై-ఫుల్. వాటి వెనకున్న పనితనం చూస్తే నాకు ఎంతో ముచ్చటేస్తుంది.

రిక్వైర్ పెట్టామనుకుందాం. క్లయింటు ముందుగా ఎనిమిది బైట్లు పంపుతుంది. మొదటి నాలుగూ పొడవు చెబుతాయి, మిగతా నాలుగూ 80877103 అనే సంఖ్య. ఆ నాలుగు బైట్లను రెండేసిగా విడదీసి చదివితే 1234, 5679 వస్తాయి. ప్రోటోకాల్ వెర్షన్ నంబరని ఎవరూ పొరబడకుండా అలా ఎంచారు. సర్వరు ఒక్క అక్షరంతో జవాబిస్తుంది: సరేనంటే ‘ఎస్’, కాదంటే ‘ఎన్’. ఇందుకు వేరే పోర్టు కూడా అక్కర్లేదు, అదే 5432. ‘ఎస్’ వచ్చి, టీఎల్ఎస్ (ఎస్ఎస్ఎల్‌కు ఇప్పటి పేరు) హ్యాండ్‌షేక్ పూర్తయ్యాకే యూజర్ పేరు, డేటాబేస్ పేరు బయల్దేరతాయి. పాస్‌వర్డు దాచాలని ఎవరికైనా తోస్తుంది. ఎవరు ఏ డేటాబేస్ అడుగుతున్నారన్నది కూడా దాచిపెట్టడంలో ఉంది ముందుచూపు. ఈ తొలి పలకరింపుకూ హ్యాండ్‌షేక్‌కూ మధ్య సందులో దారికాచినవాడు తన బైట్లు చొప్పించగలడని తేలినప్పుడు, 2021 నవంబరులో దాన్నీ పూడ్చారు. అక్కడ అదనంగా ఏమున్నా కనెక్షన్ తెగిపోతుంది.

ఇంతా చేసి, రిక్వైర్ అవతలివాళ్లెవరని అడగదు. మాట గుప్తంగా సాగితే చాలు దానికి. మధ్యలో దొంగ కూర్చుంటే వాడితోనూ అంతే గుప్తంగా మాట్లాడుతుంది. వెరిఫై-సీఏ, సర్టిఫికెట్ మీద మనం నమ్మిన సంస్థ సంతకం ఉందా అని చూస్తుంది. వెరిఫై-ఫుల్ ఆ సర్టిఫికెట్‌లోని పేరు మనం టైపు చేసిన సర్వరు పేరుతో కలుస్తోందా అని కూడా సరిచూస్తుంది. పోచంపల్లిలో తెలిసినవాళ్లు చీర తిరగేసి చూస్తారు. నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు కనుక అసలైన ఇక్కత్‌కు రెండువైపులా డిజైన్ ఒక్కలాగే ఉంటుంది. అచ్చు వేసిన నకలు వెనకవైపు వెలవెలబోతుంది. వెరిఫై-ఫుల్ చేసేది అదే పరీక్ష. దాపరికం వేరు, గుర్తింపు వేరని తెలిసి, ఒక్కోదానికి ఒక్కో మెట్టు కట్టినవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేను.

నాకు నచ్చనిది ఒక్కటే. ఏదీ ఎంచుకోకపోతే దక్కేది ప్రిఫర్. సర్వరు ‘ఎన్’ అందంటే అది చడీచప్పుడు లేకుండా బాహాటంగానే మాట్లాడేస్తుంది. పాతవాటితో పొత్తు చెడకూడదని అలా ఉంచారు. నేతన్న బ్యాంకు ఖాతా నంబరున్న చోట అది సరిపోదు. రూట్ సర్టిఫికెట్ ఫైలు చూపించి, వెరిఫై-ఫుల్ ఎంచుకోవాలి. కనెక్టయ్యాక పీజీ_స్టాట్_ఎస్ఎస్ఎల్ అనే వ్యూ తెరిస్తే మన వరుసలో టీఎల్ఎస్ వెర్షన్, సైఫర్ పేరు కనిపిస్తాయి. సర్వరు పేరు సరిచూశామా లేదా అన్నది మాత్రం అక్కడ దొరకదు. అది పూర్తిగా క్లయింటు వైపు పని కాబట్టి, మన ఎస్ఎస్ఎల్ ట్యాబులోనే చూసుకోవాలి.