పడుగు అక్షరం

జపనీస్ నేర్చుకునే మన పిల్లలు కాంజీ దగ్గరికి వచ్చేసరికి బెదిరిపోతారు. హిరగానా, కటకానా వరకు ఇబ్బంది లేదు. అవి ధ్వనిని పట్టుకునే అక్షరాలు. కాంజీ అర్థాన్ని పట్టుకుంటుంది. ఒక్కో గుర్తుకు రెండు మూడు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉచ్చారణలు. జపాన్ 2010లో సవరించిన నిత్యవ్యవహార జాబితాలోనే 2,136 కాంజీలున్నాయి. ఇది చూసి చాలామంది ఉచ్చారణల పట్టిక ఒకటి గోడకు అంటించుకుని బట్టీ మొదలుపెడతారు. నాలుగు రోజుల్లో మానేస్తారు.

పట్టిక వద్దు. చేతికి తెలిసిన వస్తువుతో మొదలుపెట్టాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాళ్లకు ఆ వస్తువు దారం.

దారం కాంజీకి 6 గీతలు. జపాన్ పిల్లలు ఒకటో తరగతిలోనే నేర్చుకుంటారు. విడిగా ఉంటే ‘ఇతో’, జంటపదంలో ఎక్కువగా ‘షి’. 1872లో మొదలై, 2014లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన తొమియోక పట్టు మిల్లు పేరులో ‘సేషి’ అనే మాట ఉంది. గూళ్ల నుంచి దారం తీయడం అని. అందులోని ‘షి’ ఇదే.

ఒకే గుర్తుకు రెండు ఉచ్చారణలేమిటని తెలుగువాళ్లు తికమకపడనక్కర్లేదు. మనం నీరు తాగుతాం, జలాశయం కడతాం. నీరు మన మాట, జలం సంస్కృతం నుంచి వచ్చింది. ఈ రెండింటికీ ఒకే గుర్తు ఉండి, ఒంటరిగా కనిపిస్తే నీరు అనీ, ‘ఆశయం’ పక్కన కనిపిస్తే జల అనీ చదవాల్సి వస్తే అదే కాంజీ. జపాన్ సొంత మాటతో చదివితే ‘కున్’, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణతో చదివితే ‘ఒన్’. దేశ్యం, తత్సమం బడిలో చదువుకున్నవాళ్లకు ఇందులో సగం ముందే తెలుసు.

హిందూపురం మార్కెట్లో గుట్టలుగా పోసే తెల్లగూళ్ల వెనుక జపాన్ శ్రమ కూడా ఉంది. జపాన్ సహకార సంస్థ జైకా 1991 నుంచి 2007 దాకా మన దేశంలో బైవోల్టిన్ పట్టు మీద పనిచేసింది. మైసూరు పరిశోధన సంస్థలో మొదలైన ఆ పని కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రైతుల దాకా వచ్చింది. పట్టుగూడుకు జపనీస్ మాట ‘మయు’. ఆ కాంజీలో పైన గడ్డి, కింద చట్రం, చట్రం మధ్యలో నిలువు గీత, దానికి ఎడమన దారం, కుడిన పురుగు. మొత్తం 18 గీతలు. గూడు కోసి లోపల చూసినవాళ్లకు దీని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే నన్ను ఎక్కువ కాలం పట్టి కూర్చోబెట్టింది ధర్మవరం మగ్గానికి చెందిన అక్షరం, పడుగు. దీనికీ ఎడమన దారమే. కుడిపక్క పాత రూపం మగ్గం మీద బిగించిన పోగుల బొమ్మేనని నిఘంటువులు చెబుతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్షరాలను సరళం చేసినప్పుడు ఆ బొమ్మ పోయింది, 13 గీతలు 11 అయ్యాయి. నాకు పాత రూపమే ఇష్టం, దాన్నే ముందు రాస్తాను.

మగ్గం దగ్గర కాసేపు నిలబడి చూడండి. నాడె అటూ ఇటూ పోతుంటుంది, పేక పోగు పడుతుంటుంది. పడుగు మాత్రం ముందే బిగించి, నిలువునా సాగి ఉండాలి. అది లేనిదే పేకకు దారి లేదు. మొదలు నుంచి చివరి దాకా సాగేది అన్న ఆ గుణం నుంచే ఈ అక్షరం అర్థాలు పెంచుకుంది. కాలం గడవడం, ‘హెరు’. చైనావాళ్లు తమ ప్రాచీన గ్రంథాలను ఈ అక్షరంతోనే పిలిచారు, బౌద్ధం వచ్చాక సూత్రాలకూ దీన్నే పెట్టారు. సంస్కృతంలో సూత్రమన్నా దారమే కదా! ఆ గ్రంథం అర్థంలో ఉచ్చారణ ‘క్యో’, బౌద్ధంతో జపాన్‌లో స్థిరపడిన పాత పొర. తాంగ్ రాజుల కాలంలో వచ్చిన తర్వాతి పొర ‘కే’. అనుభవం ‘కేకెన్’, ఆర్థిక వ్యవస్థ ‘కేజాయ్’. భూగోళం మీద రేఖాంశం ‘కేదో’, అంటే పడుగు కొలత. అక్షాంశం ‘ఇదో’, పేక కొలత. మన మూడు ఊళ్లూ 77, 78 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్యే ఉన్నాయి.

నా నోటుబుక్కులో పేజీకి ఒక్క అక్షరమే. దాని కింద ఉచ్చారణలు రాయను, మాటలు రాస్తాను. మాట నోటికి వస్తే ఉచ్చారణ దానితోపాటే వస్తుంది.

పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక ఆ దారిలో కొరియన్ బోర్డులు వెలిశాయి. సెజోంగ్ రాజు 1443లో రూపొందించిన ఆ లిపి ధ్వనికి మాత్రమే గుర్తు, త్వరగా పట్టుబడుతుంది. కానీ కొరియన్ మాటల్లో చాలా వాటికి మూలం చైనా అక్షరాలే. జపనీస్ ‘కేజాయ్’ అక్కడ ‘గ్యోంగ్జే’, ‘కేకెన్’ అక్కడ ‘గ్యోంగ్హొమ్’. రెండింటిలోనూ మొదట ఉన్నది మన పడుగు అక్షరమే. అది తెలిసినవాళ్లకు రెండో భాష కొంత తేలికవుతుంది.

ఈ ప్రాంతంలో జపనీస్, కొరియన్ చెప్పే మాస్టర్లకు ఒక విన్నపం. తొలి పరీక్షల్లో రావని ఈ అక్షరాలను పక్కన పెట్టకండి. మొదటి వారంలోనే దారం, పురుగు, గూడు, పడుగు బోర్డు మీద రాయండి, ఒక్కో ఉచ్చారణకు ఒక్కో మాట ఇవ్వండి. క్లాసులో నేత ఇళ్ల పిల్లలుంటే పడుగంటే ఏమిటో ముందు వాళ్లనే చెప్పనివ్వండి.