చితకాల్సిన వాషర్

ఇంట్లోనే కారు ఆయిల్ మార్చుకునే మిత్రులు ఏ కంపెనీ ఆయిల్ పోయాలో గంటలకొద్దీ వాదించుకుంటారు. డ్రైన్ బోల్టుకు కొత్త వాషర్ తెచ్చారా అంటే మాత్రం, ‘పాతది బాగానే ఉందిగా’ అంటారు. నా పట్టుదలంతా ఆ వాషర్ మీదే.

బోల్టు, అది బిగుసుకునే ఆయిల్ చాంబరు రెండూ గట్టి లోహాలు. ఎంత నునుపుగా కనిపించినా వాటి అంచుల్లో సన్నని గీతలుంటాయి. కాగి పలచబడ్డ ఆయిల్‌కి ఆ సందు చాలు. మధ్యలో మెత్తని అల్యూమినియం వాషరో, రాగి వాషరో చితికి ఆ గీతల్ని పూడుస్తుంది. ఒకసారి అణిగి గట్టిపడ్డాక ఆ వాషర్ మళ్ళీ అలా అణగదు, ఆయిల్ చుక్కచుక్కగా కారుతుంది. అది చూసి ఇంకో పావు చుట్టు బిగిస్తారు. ఇప్పుడు చాలా కార్లకు చాంబరు అల్యూమినియందే. స్టీలు బోల్టుతో పంతానికి దిగితే పోయేది చాంబరు మరలే.

పాతతరం మెకానిక్‌లు రాగి వాషర్‌ని ఎర్రగా కాల్చి మెత్తబరిచి తిరిగి వాడేవారు. ఆ విద్యంటే నాకు గౌరవం. అల్యూమినియంతో మాత్రం ఆ ప్రయత్నం వద్దు. అది 660 డిగ్రీలకే, ఎర్రబడుతున్న జాడ కంటికి సరిగా తెలియకుండానే కరిగిపోతుంది.

బోల్టుని మొదట వేళ్ళతోనే తిప్పాలి. స్పానర్ పట్టాక, వాషర్ అణుగుతున్నప్పుడు పిడి మీద ఒక మెత్తదనం తెలుస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. అది తెలిసిన చేయి ఎక్కడ ఆగాలో ఆగుతుంది. అలవాటయ్యేదాకా టార్క్ రెంచ్ తోడుంటే మంచిది, మాన్యువల్‌లో అంకె ఉంటుంది.

ఫిల్టర్ విషయంలో మరలు కలిస్తే చాలనుకోవడం ప్రమాదం. అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఫిల్టర్‌లో ఒక రబ్బరు కవాటం ఉంటుంది. ఇంజిన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా అది ఆపుతుంది. నాసిరకం రబ్బరు వేడికి బిరుసెక్కితే రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ కాసేపు కటకటలాడుతుంది. అందుకే సిలికాన్ కవాటానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇస్తాను. చాలా ఫిల్టర్లలో బైపాస్ కవాటం కూడా ఉంటుంది. ఫిల్టర్ లోపలి కాగితం మూసుకుపోతే వడకట్టని ఆయిల్‌నైనా ఇంజిన్‌కి పంపుతుంది, అసలు ఆయిల్ అందకపోవడం కన్నా అది మేలు కనుక. అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ని బట్టి మారుతుంది. పైకి ఒకేలా ఉండే రెండు డబ్బాలు లోపల వేరువేరు కావచ్చు. కనుక విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళినా సరే, మోడల్, సంవత్సరం, పార్ట్ నంబరు రాసుకుని వెళ్ళండి. నకిలీల పెట్టెలు అచ్చం అసలువాటిలాగే ఉంటాయి, కొనే కొట్టు నమ్మకమైనదై ఉండాలి.

స్ప్లెండర్ లాంటి బైకులకు కాగితం ఫిల్టర్ లేకపోయినా వాషర్ లెక్క అదే.

పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్తది బిగిస్తే ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ని చేత్తోనే బిగించండి. రింగు తాకాక సాధారణంగా ముప్పావు చుట్టు చాలు. ఆయిల్ పోసి, ఇంజిన్ ఒక నిమిషం ఆడించి ఆపి, టార్చి వేసి కింద చూడండి. కొత్త ఫిల్టర్ కొంత తాగుతుంది కాబట్టి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోయండి.