నందుడి పాట

'జయభేరి' (1959) పాట పాడమంటే జనం అడిగేది ఒక్కటే. రాజు కొలువులో కాశీనాథుడు పాడే మల్లాది రామకృష్ణశాస్త్రి పాట. స్వరాల మీద స్వరాలు వేసి ఘంటసాల ఆకాశానికెక్కించిన పాట. నేనూ పాడతా. పాడితే చదివింపులు ఖాయం. కానీ పెళ్లి పందిళ్లలో, జాతర స్టేజీల మీద నా ఇష్టం కొద్దీ నేను పాడే పాట వేరే ఉంది. అదే సినిమాలో శ్రీశ్రీ రాసిన నందుడి కథ. ఒక ఊళ్లో పల్లవి అందుకోగానే పెద్దమనిషి ఒకాయన చీటీ పంపాడు, మీ వాడ పాటలు ఇక్కడ వద్దని. రాసింది శ్రీశ్రీ, బాణీ కట్టింది పెండ్యాల, పాడింది ఘంటసాల. అది మా వాడ పాట ఎప్పుడయిందండీ?

ఆటపాటల పిల్ల మంజులను మనువాడి కాశీనాథుడు వెలి అవుతాడు. ఆ సినిమాలో చిదంబరం నందుడి కథ రావడం ఊరికే కాదు. శ్రీశ్రీ మీద పెట్టే సభలకు నేనూ పోతుంటా. 'మహాప్రస్థానం' దగ్గర గొంతులు లేస్తాయి. ఈ పాట ఊసెత్తినవాణ్ణి చూళ్లేదు.

ఎక్కువ తక్కువలు మనిషి చూపులోవే, శివుడి చూపులో కావు అంటూ ఎత్తుకుంటాడు ఘంటసాల. గమకాల ఆర్భాటం లేదు. పక్కన కూచోబెట్టుకొని చెప్పినట్టుంటుంది. దర్శనానికి పోతానన్న నందుడికి యజమాని పొలం పని గడువు పెట్టే చోటుంది చూడండి, అక్కడ నాకు మా పెదనాయన గుర్తొస్తాడు. జీతమున్న ఇంట్లో పండక్కి ఒక పూట సెలవడిగితే, ముందు చేను దున్నిపొమ్మన్నారు. శివుడెవరో నాకు తెలవదు గానీ ఆ గడువు నాకు తెలుసు.

పాట ఇష్టమే, కథతోనే నా తగువు. శివుడి చూపులో భేదం లేకపోతే మరి నిప్పులెందుకు? సేక్కిళార్ పన్నెండో శతాబ్దంలో రాసిన 'పెరియపురాణం'లో నందుడు అగ్గిలో దిగి, జంధ్యం వేసుకున్న మునిగా బయటికొస్తాడు. అప్పుడు గానీ గుడిలోకి రానియ్యలేదు. లోపలికి పోయింది నందుడేనా?

ఇంకో సంగతి. ఆ పురాణం నందుడు గుళ్లకి భేరీల తోళ్లు, వీణలకి నరాల తీగలు ఇచ్చేవాడు. పందొమ్మిదో శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి తన 'నందనార్ చరిత్రం'లో బ్రాహ్మణ భూస్వామిని తెచ్చిపెట్టాడు, నందుణ్ణి పొలం పాలేరుగా నిలబెట్టాడు. శ్రీశ్రీ పాటలోకి వచ్చింది ఆ పాలేరే. తోలు పనివాడు వెనక్కిపోయాడు. ఇది నాకు చిన్న విషయం కాదు. మా తాత లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు ఊనేవాడు. ఆ తోలు ఏ గుడి మద్దెలకి ఎక్కిందో, ఆ గుడిలోకి ఆయన పోలేదు. 'జయభేరి' అని పేరు పెట్టుకున్న సినిమాలో భేరికి తోలిచ్చినవాడి పని మాట వినపడకపోవడం నాకు కష్టంగానే ఉంటది.

మాట మార్చి పాడే హక్కు నాకు లేదు. అందుకని పాటకి తబలా ఆపిస్తా. మా తమ్ముడు డప్పు మంట మీద కాచుకొని వస్తాడు. గడువు పెట్టే చోట వాడు చిర్ర ఆపేసి వేళ్లతోనే కొడతాడు.