మ్యాన్‌హోల్ మూత దగ్గరే ఆగిన న్యాయం

మురుగు కాల్వల్లోకి దిగి చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 1993 నుంచి జరిగిన చావులన్నిటికీ అది వర్తిస్తుందంది. 2023లో బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ఉద్యమం పోరాడి సాధించుకున్న ఈ తీర్పుల్ని మేం తక్కువ చెయ్యడం లేదు. కానీ వాటి హద్దు ఎక్కడుందో చూడాలి కదా!

విషవాయువు తగిలి లోపలే పడిపోతే చావుకి కారణమేమిటన్న వాదన పెద్దగా ఉండదు. ఏళ్ల తరబడి దిగీ దిగీ ఊపిరితిత్తులు చెడి, ఇంట్లో మంచంమీద పోయినవాడి సంగతేమిటి? జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత మున్సిపాలిటీదే అని ఒప్పుకున్నాక కూడా, జబ్బు ఆ పనివల్లే వచ్చిందని రుజువేదీ అంటారు. తాగుడువల్ల కాదా, బీడీవల్ల కాదా అంటారు. నిర్లక్ష్యం కేసుల్లో బాధ్యత మొదటి మెట్టయితే కార్యకారణ సంబంధం రెండోది. మనవాళ్లు జారిపడేది రెండో మెట్టుమీదే.

ఆ మెట్టు దాటించిన తీర్పొకటుంది. స్కాట్లాండ్‌లో ఇటుక బట్టీలు శుభ్రం చేసిన కార్మికుడికి చర్మవ్యాధి వచ్చింది. యజమాని జాతీయ బొగ్గు బోర్డు. పనిచోట ఒళ్లు కడుక్కునే వసతి లేదు. చెమటా దుమ్మూ పట్టిన ఒంటితోనే సైకిలు తొక్కుకుంటూ ఇంటికెళ్లేవాడు. కడుక్కుని ఉంటే ప్రమాదం తగ్గేదని డాక్టర్లు చెప్పగలిగారు గాని, జబ్బే వచ్చేది కాదని చెప్పలేకపోయారు. కింది కోర్టులు కాదన్నాయి. 1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని అప్పీలును ఆమోదించింది. యజమాని తప్పు ప్రమాదాన్ని చెప్పుకోదగ్గంతగా పెంచితే చాలన్నది మెక్‌గీ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పు సారం. ఆస్బెస్టాస్ వల్ల క్యాన్సర్ వచ్చిన కార్మికుల ఫెయిర్‌చైల్డ్ కేసులో, 2002లో, ఏ యజమాని దగ్గరి ధూళి జబ్బు తెచ్చిందో తేలకపోయినా వాళ్లు ఓడిపోలేదు.

ఈ తీర్పులకు మన కోర్టులు కట్టుబడి ఉండక్కర్లేదు. అయితే ఇంగ్లీషు తీర్పులు ఎత్తి చూపడం వాటికి కొత్తేం కాదు. మరి మురుగు పనికి ఈ సూత్రం ఎందుకు పనికిరాదు? తొడుగులూ, మాస్కులూ, స్నానపు గదీ ఇవ్వనివాడు ప్రమాదాన్ని పెంచినట్టే. పైగా కాంట్రాక్టరు కాగితంలో పేరే ఎక్కని మనిషిని రుజువు తెమ్మనడమంటే, రుజువు లేకుండా చేసినవాడికే లాభం చేకూర్చడం. మాదిగకో, రెల్లికో, వాల్మీకికో ఆ పని రాసిపెట్టింది కులం. ఆ ఒళ్లు దానికి అలవాటు పడిందనే నమ్మకమే ఆ నిర్లక్ష్యానికి మూలం. కార్యకారణ సంబంధం వెతికే కోర్టు కులాన్ని చూడకపోతే అసలు కారణాన్నే వదిలేసినట్టు.

అందుకే నష్టపరిహారం మొత్తం పెంచమనడంతో మనం ఆగకూడదు. ఏటా వైద్య పరీక్షలు చేయించాలనీ, వాటి కాగితాలు కార్మికుడి చేతికివ్వాలనీ, రుజువు భారం పని చేయించినవాడి మీదే పెట్టాలనీ అడగాలి.