మన గంగవరం, వాళ్ళ గంగవరం

సోమవారం పొద్దున్నే మా చిన్నాయన కొడుకు ఫోను. "అన్నా, గంగవరంలో విషం చేపలు పడినాయంట. చెరువు చేపలు తినొద్దని వాట్సాప్‌లో వచ్చింది, చూసినావా?"

చూశాను. ఇసుకలో బంతిలా ఉబ్బిన చేప, వెనకాల కెరటాలు. ఒరే నాయనా, పలమనేరు పక్కనున్న మన గంగవరంలో కెరటాలెక్కడివిరా! అది విశాఖ పోర్టు గంగవరం. ఊరి పేరు పక్కన జిల్లా పేరు కూడా రాయండని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

ఆ చేప పేరు కప్ప. ఇంగ్లీషులో రక్తపింజర పాముకు ఎవరి పేరు పెట్టారో ఆ రస్సెల్ దొరే, విశాఖలో రెండు వందల చేపలకు బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో 1803లో అచ్చువేశాడు. కప్ప అందులోనూ ఉంది. తీరం పక్కన లోతులేని నీళ్ళలో తిరుగుతుంది. బెదిరితే నీళ్ళు మింగి ఉబ్బుతుంది, ఒడ్డున పడితే గాలి మింగి. విషం ముఖ్యంగా కాలేయంలో, గుడ్లలో. ఎంత ఉడికించినా పోదు, విరుగుడు లేదు. ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, చివరికి ఊపిరే ఆడదు. జపానులో దీని జాతి చేపల్ని లైసెన్సున్న వంటవాడే కోయాలి. అయినా 1975లో బాండో మిత్సుగోరో అనే పేరుమోసిన కబుకీ నటుడు క్యోటోలో ఆ కాలేయమే తిని పోయాడు.

మా అవ్వకు ఏ లైసెన్సూ లేదు. చెరువు ఎండే రోజుల్లో చేపలొస్తే కత్తిపీట ముందు కూర్చునేది. బూడిద పూసి పొలుసు గీకి, పొట్ట చీల్చి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, పచ్చటి చేదుకట్టును, అంటే పిత్తాశయాన్ని, పగలకుండా బయటికి లాగేది. దాన్ని కోళ్ళకు కూడా వేయనిచ్చేది కాదు, దిబ్బలో పూడ్పించేది. ఒకసారి నేను సాయం చేస్తానని కూర్చుని గోటితో పగలగొట్టాను. చేపంతా దిబ్బకే పోయింది. నా వీపు కూడా మోగింది.

తమ్ముడికి ఫోన్ చేసి, "మన చెరువు చేపలో విషమేందిరా" అని ఏడిపించాలనే కూర్చున్నాను. ఎందుకో ఆ చేదుకట్టు సంగతి వెతికాను. రోహు, గడ్డిచేపల పిత్తం కిడ్నీలను దెబ్బతీస్తుందట. మందనుకుని పచ్చిగా మింగినవాళ్ళు ఆస్పత్రుల పాలయ్యారట. అవ్వ చేదని పారేసిందో, తెలిసే పారేసిందో అడుగుదామంటే ఆమె లేదు.

ఫోన్ చేశాను. "చేపలు మీ ఇంట్లో ఎవరు కోస్తార్రా?"

"అంగట్లోనే కోయించుకొస్తాం న్నా."

"వాడు చేదుకట్టు తీస్తాడా?"

"నేనెప్పుడు చూసినాన్నా?"